గనుల ఊళ్ళో సంఘాలు: చేరినవాళ్ళు ఎందుకు నిలిచారు?

మా బంధువుల్లో ఇప్పుడు ముగ్గురు నలుగురు సేవా సంఘాల బాధ్యతలు మోస్తున్నారు. ఒకరు హోసూరులో, ఒకరు బెంగళూరులో. ఎవరిని కదిపినా ఒకటే మాట: "సభ్యులు చేరుతారండీ, ఏడాది తిరిగేసరికి కనపడరు." కేజీఎఫ్ నుంచి వచ్చిన మాకు ఇది కొత్త మాట కాదు. సంఘాలు పుట్టడం, నిండటం, ఖాళీ కావడం అన్నీ చూసిన ఊరది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులు చేతికి తీసుకున్నాక, పనికోసం ఎక్కువగా ఉత్తర ఆర్కాటు నుంచి జనం వచ్చారు. చిత్తూరు అప్పటికి ఆ జిల్లాలోదే, 1911లో గాని వేరుపడలేదు. కాబట్టి లైన్లలో పక్కపక్కన కాపురం పెట్టిన తమిళులూ మనవాళ్ళూ చాలామంది ఒకే జిల్లావాళ్ళన్నమాట.

ఊళ్ళో పాత క్లబ్బు అంటే 1885 నాటి కేజీఎఫ్ క్లబ్బే. అది దొరలది. గోల్ఫ్ మైదానం, బార్, నాట్యం అన్నీ ఉండేవి. ఉద్యోగంతో పాటే సభ్యత్వం వచ్చే చోట, సభ్యుల్ని ఆకట్టుకోవాలన్న బెంగ ఎందుకుంటుంది?

లైన్లలో కథ వేరు. అయోతీదాస పండితులు 1898లో మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. దాని శాఖలు మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్‌లో గట్టిగా నిలబడ్డాయి. గనిలో ఒళ్ళు హూనం చేసుకుని పైకొచ్చినవాడు మళ్ళీ మీటింగుకు ఎందుకు పోతాడు? మాకు తోచిన జవాబు ఇది. పెళ్ళయినా చావయినా ఆ సంఘమే దగ్గరుండి తమ పద్ధతిలో జరిపించేది. కులం పేరుతో బయట దొరకని మర్యాద అక్కడ దొరికేది. మనిషికి ఎప్పుడు అవసరమో అప్పుడే సంఘం పక్కన ఉండింది.

మన తెలుగువాళ్ళకు భజన గుడి ఉండేది. కోలారు సీమంతా కైవారం తాతయ్య నారణప్పగారి పదాలు, తెలుగులోనూ కన్నడంలోనూ, పాడుకునే సీమ కదా. (కైవారం 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి పోయింది, అది వేరే సంగతి.) భజనలో ఊరికే కూర్చునేవాడు తక్కువ. ఒకరు తాళం, ఒకరు హార్మోనియం, ఒకరు దీపానికి నూనె, పిల్లలకు ప్రసాదం పంచే పని. తాళం వేసేవాడు రాకపోతే "ఏమప్పా, ఒళ్ళు బాగలేదా?" అని ఇంటికే వచ్చేవాళ్ళు. నేటి సంఘాల్లో ఎక్కువగా కొరవడింది ఈ ఇంటికొచ్చి అడగటమే అని మా అభిప్రాయం. వాట్సాప్‌లో పెట్టే మెసేజీ దానికి సాటి రాదు.

రోటరీ 1905లో షికాగోలో మొదలై, 1920లో కలకత్తా చేరింది. ఒక్కో వృత్తికి ఒక్కరు, వారం వారం హాజరు అన్నవి దాని పాత కట్టుబాట్లు. డాక్టర్లకూ షాపుల యజమానులకూ అవి సరిపోయాయి, షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఎలా కుదురుతాయి? 1989 దాకా ఆడవాళ్ళను చేర్చుకోవడానికి నియమాలే ఒప్పుకోలేదు. ఇంట్లో సగం మందిని గడప బయట నిలబెట్టి, జనం రావడం లేదని బాధపడితే ఏం లాభం? 2016లో హాజరు, మీటింగుల విషయం చాలావరకు క్లబ్బులకే వదిలేశారు. ఆలస్యమైనా మంచిపనే. లయన్స్ మన దేశానికి వచ్చింది 1956లో, మైసూరు ప్రభుత్వం గనులు తీసుకున్న ఏడే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జీతంతో పాటు సాయంత్రాలూ పోయాయి. ఇప్పుడు పనికి పోయేవాళ్ళు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతారు, తిరిగొచ్చేసరికి రాత్రి. మామూలు రోజు సాయంత్రం ఆరుగంటలకు మీటింగు పెడితే పింఛనుదార్లు తప్ప ఎవరొస్తారు? కుర్రవాళ్ళకు సేవాభావం లేదని తిట్టే పెద్దలకు మేం చెప్పేది ఒక్కటే: ఆదివారం పొద్దున పెట్టండి, రెండు గంటల్లో ముగించండి, వచ్చిన ప్రతివాడి చేతికీ ఆ రోజే ఒక పని ఇవ్వండి. రెండు వారాలు రానివాడి ఇంటికి ఒకరు పోయి రండి.