చర్చి గంట మీది రాతకు నల్లమైనం నకలు

ఇంగ్లండులో మధ్యయుగపు చర్చి గంటల్లో చాలావాటి మీద తేదీ ఉండదు, పోతపోసినవాడి పేరూ ఉండదు. లాంకషైర్‌లోని క్లాటన్ గంట మీద రోమన్ అంకెల్లో 1296 అని ఉంది. ఆ దేశంలో తేదీ వేసిన గంటల్లో అదే అతి పాతదని చెబుతారు. మిగతావాటి మీద కనిపించేది ఒక సిలువ గుర్తు, ఒక పునీతుడి పేరు, లాటిన్‌లో చిన్న ప్రార్థన.

ఆ మాటలు ఊరూరా దాదాపు ఒకటే. తేడా అంతా అక్షరాల రూపులోనే ఉంది. పోతగాడు మట్టి మూస లోపలి వైపున అక్షరాల అచ్చులను ఒక్కొక్కటిగా అద్దేవాడు. కంచు పోశాక అవి ఉబ్బెత్తుగా తేలేవి. మూసలో కుడి నుంచి ఎడమకు అద్దాలి. అది మరిచిన చోట మాట తిరగబడింది. అచ్చులు గురువు నుంచి శిష్యుడికి చేతులు మారేవి, అరిగేవి, బీటలు వారేవి. ఒక గంట మీద లేని బీట అదే అచ్చుతో వేసిన మరో గంట మీద కనిపిస్తే, ఆ రెండోది తర్వాతి కాలానిదని తేలుతుంది. బరీ సెయింట్ ఎడ్మండ్స్ పోతశాల గుర్తులో బాణాలు దూసిన కిరీటం ఉంటుంది. బాణాలకు బలైన ఎడ్మండ్ రాజు ఆ ఊరి పునీతుడు.

ఇంతటి సూక్ష్మం చూసి రాసుకున్న ప్రతిలో నిలవదు. అందుకే 19వ శతాబ్దపు పరిశోధకులు రాతను కాగితం మీదికి రుద్ది తీసుకున్నారు. అందుకు వాడింది మైనం, దీపపు మసి కలిపిన గట్టి ముద్ద. చెప్పులు కుట్టేవాళ్ళు అట్ట అంచులకు పట్టించి మెరుగు పెట్టేది అదే. ముందుగా దుమ్మూ పావురాల రెట్టా బ్రష్షుతో వదిలించి, పలుచని గట్టి కాగితాన్ని గంట పైభాగం చుట్టూ కదలకుండా పట్టి రుద్దుతారు. అక్షరం నల్లగా పడి, చుట్టుపక్కల తెల్లగా మిగులుతుంది. మన శిలాశాసనాలకు కాగితం మీద సిరాతో తీసే నకలు, అంటే ఎస్టాంపేజీలో, దీనికి తారుమారు: చెక్కిన అక్షరం తెల్లగా ఉంటుంది, చుట్టుపక్కల నల్లబడుతుంది. నకలు అసలు కొలతలోనే వస్తుంది కాబట్టి దూరపు ఊళ్ళ గంటలను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. గంటకూ దూలానికీ మధ్య ఇరుకు సందులో చెయ్యి దూర్చి చేసే ఈ పనికి ఓర్పే పెట్టుబడి.

ఆ ఓర్పు చూపినవారిలో పల్లె చర్చిల గురువులు ఎక్కువ. హెన్రీ ఎల్లకోంబ్ డెవన్ గంటల మీద 1872లో, జాన్ రావెన్ సఫోక్ గంటల మీద 1890లో గ్రంథాలు వెలువరించారు. హెచ్. బి. వాల్టర్స్ 1912లో దేశమంతటి చర్చి గంటల చరిత్రను ఒక్క పుస్తకంలోకి తెచ్చారు.

పగిలిన గంటను కరిగించి మళ్ళీ పోయడం ఎప్పుడూ ఉన్నదే. అప్పుడు పాత రాత కంచుతోపాటే కరిగిపోతుంది. ముందే నకలు తీసి ఉంచిన చోట కొందరు పోతగాళ్ళు ఆ అక్షరాలను అదే రూపులో, అదే కొలతలో కొత్త గంట మీద మళ్ళీ పోశారు.