నాలుగో జీతం: ఓక్లహోమా సిటీ జట్టు చరిత్రలో ఒక అధ్యాయం

రాజ్యాల చరిత్రను యుద్ధాల ద్వారానే కాక ఖజానా లెక్కల ద్వారా కూడా చెప్పవచ్చునని చరిత్రకారులు చాలాకాలంగా అంటూనే ఉన్నారు. క్రీడాజట్ల చరిత్రకూ ఈ మాట వర్తిస్తుంది. మైదానంలో జరిగిన గెలుపోటములు అందరికీ గుర్తుంటాయి; ఆ గెలుపోటములకు ముందు ఏదో ఒక గదిలో, ఎవరో కూర్చుని, ఎవరికెంత జీతం ఇవ్వాలో, ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదులుకోవాలో వేసుకున్న లెక్కలు మాత్రం కాలక్రమేణా మరుగున పడిపోతాయి. అమెరికా బాస్కెట్‌బాల్ చరిత్రలో అలా మరుగున పడక, పైగా ఏటేటా కొత్తగా చర్చకు వచ్చే లెక్క ఒకటుంది. 2012 అక్టోబరు 27న ఓక్లహోమా సిటీ థండర్ జట్టు జేమ్స్ హార్డెన్ అనే ఆటగాణ్ణి హ్యూస్టన్ రాకెట్స్‌కు ఇచ్చివేసింది. అది తెలివితక్కువ పనా, పిసినారితనమా, లేక విధిలేని పరిస్థితా అన్న ప్రశ్నకు, ఎవరు ఏ సంవత్సరంలో నిలబడి చూస్తున్నారన్న దానిని బట్టి జవాబు మారుతూ వస్తున్నది.

ఈ కథకు మొదలు ఓక్లహోమాలో లేదు, సియాటిల్‌లో ఉంది. మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని ఆ ఊరి పరిసరాల్లో స్థిరపడ్డ మన తెలుగువారిలో చాలామందికి సూపర్‌సానిక్స్ పేరు తెలిసే ఉంటుంది. 1967లో పుట్టి, 1979లో ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టు అది. 2006లో స్టార్‌బక్స్ అధినేత హోవార్డ్ షుల్ట్స్ దానిని 35 కోట్ల డాలర్లకు క్లే బెనెట్ నాయకత్వంలోని ఓక్లహోమా వర్తకుల బృందానికి అమ్మివేశాడు. కొత్త స్టేడియానికి ప్రజాధనం దొరకలేదు. కోర్టు వ్యాజ్యం నడిచింది. చివరకు 2008 జూలైలో సియాటిల్ నగరానికి 4 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందం మీద జట్టు తరలిపోయింది. పేరూ, రంగులూ సియాటిల్‌లోనే మిగిలిపోయాయి. ఆటగాళ్లు మాత్రం వెళ్లిపోయారు. 41 ఏళ్ల బంధం ఒక్క సంతకంతో తెగిపోయింది.

ఓక్లహోమా సిటీ చిన్న ఊరు. 2010 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం సుమారు 5,80,000. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ వంటి నగరాల జట్లకు స్థానిక టెలివిజన్ ద్వారా వచ్చే ఆదాయం ఈ ఊరి జట్టుకు ఊహకైనా అందదు. పైగా మరొక ఊరినుండి తెచ్చుకున్న జట్టు, రేపు తమనుండి కూడా పోవచ్చునన్న భయం ఆ ఊరికి పుట్టుకతోనే వచ్చింది. తరువాతి నిర్ణయాలను అర్థం చేసుకోవాలంటే ఈ భయాన్ని దృష్టిలో ఉంచుకోక తప్పదు.

జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టి 2007లో ఈ జట్టు బాధ్యతలు స్వీకరించాడు. పేరున్న ఆటగాళ్లు చిన్న ఊళ్లకు తమంతట తాము రారు. కనుక అతనికి మిగిలిన దారి డ్రాఫ్ట్ ఒక్కటే. డ్రాఫ్ట్ అంటే ఏటా కొత్త ఆటగాళ్లను జట్లు వరుసక్రమంలో ఎంచుకునే పద్ధతి. క్రితం ఏడు ఓడినవారికి ముందువరుసలో నిలిచే అవకాశం ఎక్కువ. 2007లో రెండో స్థానంలో కెవిన్ డ్యురాంట్, 2008లో నాలుగో స్థానంలో రస్సెల్ వెస్ట్‌బ్రూక్, అదే ఏడు ఇరవై నాలుగో స్థానంలో సెర్జ్ ఇబాకా, 2009లో మూడో స్థానంలో హార్డెన్ వచ్చి చేరారు. మూడేళ్లలో నలుగురు మేటి ఆటగాళ్లను ఇలా ఏరుకోగలిగిన జట్లు అరుదు.

ఫలితం వెంటనే కనబడింది. 2008-09లో 82 ఆటల్లో 23 మాత్రమే గెలిచిన జట్టు, మరుసటి ఏడు 50 గెలిచింది. 2011లో పశ్చిమ విభాగపు ఫైనల్ దాకా వెళ్లింది. 2012 ప్లేఆఫ్స్‌లో డల్లాస్‌నూ, లాస్ ఏంజెలిస్ లేకర్స్‌నూ, శాన్ ఆంటోనియోనూ వరుసగా ఓడించి ఫైనల్స్ చేరింది. అక్కడ లెబ్రాన్ జేమ్స్ ఉన్న మయామీ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయింది. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడెవరూ బాధపడలేదు. నలుగురిలో ఎవరికీ 24 ఏళ్లు నిండలేదు. ఇంకో పదేళ్లు ఈ జట్టుదేనని అందరూ అనుకున్నారు. నాలుగు నెలలు తిరగగానే ఆ నలుగురిలో ఒకరు వెళ్లిపోయారు.

* * *

ఇక్కడ జీతాల నియమాలను కాస్త వివరించాలి. ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టు సంచిలోనూ ఇంత సొమ్మేనన్న గట్టి హద్దు ఉంటుందని మనకు తెలుసు. ఎన్‌బీఏ హద్దు అలాంటిది కాదు. 'సాలరీ క్యాప్' అనే పరిమితి 2012-13లో సుమారు 5 కోట్ల 80 లక్షల డాలర్లు. తన సొంత ఆటగాళ్లను నిలుపుకోవడానికి జట్టు ఈ పరిమితిని దాటవచ్చు. కానీ ఆ పైన మరో గీత ఉంది, ఆ ఏడు సుమారు 7 కోట్ల 3 లక్షల డాలర్లు. దాన్ని దాటిన జట్టు 'లగ్జరీ టాక్స్' అనే పన్ను కట్టాలి. పాత పద్ధతిలో గీత దాటిన ప్రతి డాలరుకూ ఒక డాలరు పన్ను.

2011లో యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ పొత్తు కుదరక లాకౌట్ ప్రకటించారు. దాదాపు ఐదు నెలలు ఆట మూతబడింది. ఆ సీజన్ క్రిస్మస్ నాడు మొదలై 66 ఆటలకు కుదించుకుపోయింది. ఆ తగవు తీరుస్తూ రాసుకున్న కొత్త ఒప్పందంలో పన్ను రూపమే మారిపోయింది. 2013-14 నుండి మొదటి 50 లక్షలకు డాలరుకు డాలరున్నర, తరువాతి 50 లక్షలకు 1.75, ఆపైన 2.50, ఇంకా పైన 3.25... ఇలా మెట్లు మెట్లుగా పెరిగేది. పాత లెక్కలో కోటి యాభై లక్షలు గీత దాటితే పన్ను కోటి యాభై లక్షలే. కొత్త లెక్కలో అదే మొత్తానికి 2 కోట్ల 87 లక్షల 50 వేలు. వరుసగా ఏళ్ల తరబడి గీత దాటేవారికి దీనిపైన మరో వడ్డన.

విచిత్రమేమంటే, పెద్ద ఊళ్ల జట్లు డబ్బుతో చిన్నవాటిని మింగేయకుండా ఈ నియమం తెచ్చామని చెప్పుకున్నారు. దాని దెబ్బ మొట్టమొదట గట్టిగా తగిలిన జట్లలో ఒకటి ఆ చిన్న ఊళ్లలోకెల్లా చక్కగా ఇల్లు దిద్దుకున్న ఓక్లహోమాయే. మంచి ఆటగాళ్లను సొంతంగా పెంచుకున్న జట్టు, వారందరికీ ఒకేసారి జీతాలు పెరిగే నాటికి, పెంపకానికే శిక్ష అనుభవించవలసి వచ్చింది.

డ్యురాంట్‌కు 2010లో, వెస్ట్‌బ్రూక్‌కు 2012 జనవరిలో ఐదేసి సంవత్సరాల పెద్ద ఒప్పందాలు కుదిరాయి. 2012 ఆగస్టులో ఇబాకాకు నాలుగేళ్లకు 4 కోట్ల 80 లక్షలకు పైగా ఒప్పుకున్నారు. అంతకు ముందే, 2011లో, కెండ్రిక్ పెర్కిన్స్ అనే పొడగరికి దాదాపు మూడున్నర కోట్ల ఒప్పందం ఇచ్చి ఉన్నారు. ఈ నలుగురికే 2013-14లో 5 కోట్లు దాటుతుంది. హార్డెన్‌కు గరిష్ఠ జీతం ఇస్తే ఐదుగురికి కలిపి ఆరున్నర కోట్లు దాటుతుంది. మిగిలిన జట్టంతటికీ పన్ను గీత లోపల మిగిలేది నామమాత్రం.

నాలుగేళ్ల ఒప్పందానికి హార్డెన్ అడగగలిగిన గరిష్ఠం దాదాపు 6 కోట్లు. జట్టు ఇవ్వజూపినది ఐదున్నర కోట్ల దాకా అని ఆనాటి వార్తలు చెప్పాయి. అంటే తేడా నాలుగేళ్లకు కలిపి సుమారు 50 లక్షలు! ఈ అంకె మీదే తరువాతి నిందలన్నీ నిలబడ్డాయి. "యాభై లక్షలకు ఆశపడి సింహాసనం పోగొట్టుకున్నారు" అన్న మాట క్రమంగా సామెత స్థాయికి చేరుకుంది.

కాని పైన చెప్పిన మెట్ల పన్నును గుర్తుచేసుకుంటే, గీత దాటిన చోట యాభై లక్షలు యాభై లక్షలు కావు. వాటి నీడ వాటికంటె పొడవు. యాజమాన్యం భయపడింది ఆ నీడకే.

అయినా వారికి వేరే దారులు లేకపోలేదు. కొత్త ఒప్పందంలోని 'ఆమ్నెస్టీ' వెసులుబాటును వాడుకుని పెర్కిన్స్‌ను వదిలించుకుంటే అతని జీతం పన్ను లెక్కలోకి రాదు. డబ్బు మాత్రం అతనికి చెల్లించాలి. వారు ఆ పని చేయలేదు. ఇంకొక దారి, ఆగడం. అక్టోబరు 31 గడువు దాటినంత మాత్రాన హార్డెన్ ఎగిరిపోడు. 2013 వేసవిలో అతనికి ఎవరెంత ఇవ్వజూపినా అంతే ఇచ్చి నిలుపుకునే హక్కు ఓక్లహోమాకు ఉంటుంది. అనగా ఫైనల్స్ చేరిన అదే జట్టుతో ఇంకొక్క ఏడాది ఆడి చూడవచ్చు. చరిత్ర విమర్శకు అసలు గురి కావలసినది యాభై లక్షల తేడా కాదు, వదులుకున్న ఈ ఏడాది.

ప్రెస్టి ఆగలేదు. హార్డెన్‌తోపాటు మరో ముగ్గురిని హ్యూస్టన్‌కు ఇచ్చి, కెవిన్ మార్టిన్, జెరెమీ లాంబ్, రెండు మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కులు, ఒక రెండో రౌండు హక్కు తీసుకున్నాడు. హ్యూస్టన్ వెంటనే హార్డెన్‌కు ఐదేళ్లకు సుమారు 8 కోట్లు రాసిచ్చింది. కొత్త జట్టుతో మొదటి ఆటలో అతడు 37 పాయింట్లు, రెండో ఆటలో 45 పాయింట్లు సాధించాడు. ఓక్లహోమాలో బెంచీ మీదనుండి లేచి వచ్చి ఆడిన ఆటగాడు, 2018లో లీగ్ మొత్తానికీ అత్యుత్తముడిగా ఎంపికయ్యాడు.

* * *

ఇక 2016లో నిలబడి వెనక్కి చూద్దాం. 2012-13లో థండర్ 60 ఆటలు గెలిచింది. కానీ ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే వెస్ట్‌బ్రూక్ మోకాలు దెబ్బతిన్నది. ఎదుటి జట్టు హార్డెన్ ఉన్న హ్యూస్టనే కావడం కాకతాళీయం. ఆ గండం గడిచినా తరువాతి రౌండులో మెంఫిస్ ముందు జట్టు చతికిలబడింది. 2014లో ఇబాకా గాయం, శాన్ ఆంటోనియో చేతిలో ఓటమి. 2015లో డ్యురాంట్ పాదం గాయం, ప్లేఆఫ్స్‌కే అర్హత లేకపోవడం. 2016లో 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్ మీద 3-1 ఆధిక్యం సంపాదించి, చివరి మూడు ఆటలూ పోగొట్టుకోవడం. ఆ జూలై 4న డ్యురాంట్ అదే గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోతున్నట్టు ప్రకటించాడు.

ఇందులో మరొక విపర్యాసం ఉంది. 2014 అక్టోబరులో ఎన్‌బీఏ తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్ల టెలివిజన్ ఒప్పందం ప్రకటించింది. పెరుగుదలను అంచెలంచెలుగా తెద్దామని లీగ్ అంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఫలితంగా 7 కోట్ల డాలర్లు ఉన్న జీతాల పరిమితి 2016-17లో ఒక్కసారిగా 9 కోట్ల 41 లక్షలకు ఎగసింది. 2012లో కొండలా కనబడ్డ హార్డెన్ జీతం ఆ నాటికి చవకబేరం. అదే పెరుగుదల గోల్డెన్ స్టేట్ ఖజానాలో డ్యురాంట్‌కు చోటు కల్పించింది. థండర్ ఏ సంఖ్యలకు భయపడి హార్డెన్‌ను పంపిందో ఆ సంఖ్యలు నాలుగేళ్లు కూడా నిలవలేదు! 2016లో తీర్పు చెప్పవలసి వస్తే అది కఠినంగానే ఉంటుంది.

ఇప్పుడు మరో తొమ్మిదేళ్లు ముందుకు వద్దాం. 2012లో హార్డెన్ కంటె ముందుగా ఎవరితో ఒప్పందం కుదుర్చుకున్నారో ఆ ఇబాకాను 2016 జూన్‌లో ఒర్లాండోకు ఇచ్చి విక్టర్ ఒలడీపో, డొమాంటాస్ సబోనిస్‌లను రాబట్టుకున్నారు. 2017లో వారిద్దరినీ ఇండియానాకు ఇచ్చి పాల్ జార్జ్‌ను తెచ్చుకున్నారు. 2019లో జార్జ్‌ను లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్‌కు ఇచ్చినప్పుడు షే గిల్జస్-అలెగ్జాండర్ అనే కుర్రవాడు, డ్రాఫ్ట్ హక్కుల మూట ఒకటి చేతికి వచ్చాయి. ఆ మూటలోని ఒక హక్కే 2022లో జేలెన్ విలియమ్స్ అయింది. అదే ఏడు, వరుస ఓటముల పుణ్యాన, చెట్ హోమ్‌గ్రెన్ దొరికాడు. 2024-25లో ఈ జట్టు 68 ఆటలు గెలిచి, 2025 జూన్ 22న ఇండియానాను ఏడో ఆటలో ఓడించి, ఓక్లహోమా సిటీకి మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టింది.

అంటే ఉంచుకున్నవాడి నుండి మొదలైన గొలుసు చివర కిరీటం ఉంది. హార్డెన్‌కు 2025 దాకా అది దక్కలేదు. కాబట్టి 2012 నిర్ణయం సరైనదేనా? అలా అనడం చరిత్రను వెనకనుండి చదవడమే. ఇబాకాతో సంతకం చేయించుకున్ననాడు గిల్జస్-అలెగ్జాండర్ పద్నాలుగేళ్ల బాలుడు. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికోసమే జరిగిందనలేము. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్ కలిసి 2013లో ఆడవలసిన ఆటలు ఏ గొలుసూ తిరిగి తెచ్చి ఇవ్వలేనివి.

నా మట్టుకు నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె విలువైన ఘట్టం 2025 జూలై. గెలుపు సంబరం చల్లారకముందే అదే ప్రెస్టి ముందుకు అదే ప్రశ్న వచ్చింది: ముగ్గురు యువ తారలు, ముగ్గురికీ గరిష్ఠ జీతాలు. నియమాలు ఈసారి ఇంకా కఠినం. 2023 ఒప్పందంలో వచ్చిన 'సెకండ్ ఏప్రన్' అనే గీతను దాటితే పన్నుతోపాటు ఆటగాళ్ల మార్పిడి హక్కులకే సంకెళ్లు పడతాయి. అయినా ఆ నెలలోనే గిల్జస్-అలెగ్జాండర్‌కు నాలుగేళ్లకు 28 కోట్ల 50 లక్షలు, హోమ్‌గ్రెన్‌కు ఐదేళ్లకు 25 కోట్ల దాకా, విలియమ్స్‌కు 28 కోట్ల 70 లక్షల దాకా ఒప్పందాలు ముగిశాయి. ఈసారి ఎవరినీ వదులుకోలేదు.

ఊరు కూడా మారింది. 2023 డిసెంబరులో ఓక్లహోమా సిటీ ఓటర్లు కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త స్టేడియానికై తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకునేందుకు అత్యధిక మెజారిటీతో ఒప్పుకున్నారు. సియాటిల్‌లో దొరకని ఆ ఒప్పుదల ఇక్కడ దొరికింది. జట్టు పోతుందన్న పాత భయానికి ఊరు తన జేబులోనుండి చెల్లించిన ధర అది.

2012లో పదమూడేళ్ల ముందుచూపు ఎవరికీ లేదు. ముందు గొయ్యి, వెనక నుయ్యి అన్న స్థితిలో ఒక చిన్న ఊరి జట్టు తనకు తెలిసిన లెక్క ప్రకారం అడుగు వేసింది. ఆ లెక్కలో కూడికలు తప్పలేదు. అయితే నలుగురు కుర్రవాళ్లు కలిసి ఎదగడానికి మిగిలి ఉన్న కాలానికి ఆ పద్దులో గడి లేకపోయింది. ఆ గడిని 2025లో ఎంత ఖరీదు పెట్టి పూరించారో ఆ మూడు ఒప్పందాల మొత్తం కూడి చూసుకుంటే తెలుస్తుంది: 82 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా.