కొలరాడో నీరు, ఎడారి లెట్యూస్: నూరేళ్ల సింహావలోకనం

నవంబరు నుంచి మార్చి దాకా అమెరికా, కెనడా దేశాల్లో అమ్ముడయ్యే లెట్యూస్‌లో సింహభాగం, ఏడాది మొత్తానికి మూడంగుళాల వాన పడే నేలలో పండుతుంది. ఆరిజోనా రాష్ట్రానికి నైరుతి మూలన ఉన్న యూమా, దాని పొరుగున కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ ఈ పంటకు పుట్టిళ్లు. జనవరి మంచులో షికాగోలోనో టొరంటోలోనో ఒక తెలుగు కుటుంబం కొనే సలాడ్ పొట్లం కూడా చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. నీరు, విత్తనం, చల్లదనం, మనిషి చేయి ఒక్కొక్కటిగా కుదురుకోవడానికి వందేళ్లు పట్టింది. మొదటి మూడింటి ఘనత చరిత్రకెక్కింది. నదీ, కూలీలూ చెల్లించిన మూల్యాన్ని కూడా చేర్చుకుంటేనే ఆ చరిత్ర నిండుగా ఉంటుంది.

ఇంజనీర్లు రాకముందే ఇక్కడ సేద్యం ఉంది. క్వెచాన్, కోకొపా జాతులవారు కొలరాడో నది వరద తీసేదాకా ఆగి, తడి ఆరని ఒండ్రులో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వేసుకునేవారు. వాళ్లు నది దగ్గరికి వెళ్లి పండించుకున్నారు. తర్వాత వచ్చినవారు నదినే తమ దగ్గరికి రప్పించుకున్నారు.

1901లో ఒక ప్రైవేటు కంపెనీ కాలువ తవ్వి, సముద్రమట్టానికి దిగువన ఉన్న ఎడారి పల్లానికి నీళ్లు తెచ్చింది. భూములు అమ్ముడుపోవడానికి ఆ పల్లానికి ఇంపీరియల్ లోయ అని పేరు పెట్టారు. మూడేళ్లకే కాలువ ముఖం పూడిక పట్టింది. నీటి కోసం కొత్తగా గట్టు కోస్తే, 1905 వరదల్లో అది పెద్ద గండిగా మారింది. 1907లో సదరన్ పసిఫిక్ రైల్వే బండ్లకొద్దీ రాళ్లు పోసి పూడ్చేదాకా నది పల్లంలోకి పారింది. నేటి సాల్టన్ సీ ఆ గండి మిగిల్చిన సరస్సే. యూమా వైపు 1909లో లగూనా ఆనకట్ట పూర్తయింది. 1912లో నది అడుగున సొరంగం వేసి, ఒక గట్టు కాలువ నీటిని అవతలి గట్టుకు దాటించారు. 1935లో హూవర్ డ్యామ్, 1938లో ఇంపీరియల్ డ్యామ్ పూర్తయ్యాయి. 1940 నాటికి ఆల్ అమెరికన్ కాలువలో నీళ్లు పారాయి.

ఈ నీటికి పునాది 1922 నాటి ఒప్పందం. ఎగువ, దిగువ పరీవాహకాలకు చెరి 75 లక్షల ఎకరం-అడుగులు, అంటే మన లెక్కలో చెరి 327 టీఎంసీలు పంచుకున్నారు. 1944లో మెక్సికోకు మరో 15 లక్షల ఎకరం-అడుగులు ఒప్పుకున్నారు. అంతా కలిపినా, బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో లెక్కగట్టిన 2060 టీఎంసీల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. బచావత్ 75 శాతం నమ్మకంతో దొరికే నీటినే పంచాడు. కొలరాడో పంపకం మాత్రం వానలు దండిగా కురిసిన ఏళ్ల కొలతల మీద నడిచింది. కాగితం మీది నీరు నదిలో లేదు. ఇప్పటి తగవులకు మూలం అక్కడే ఉంది.

నీరొచ్చాక లెట్యూస్‌కు తెగుళ్లు వచ్చాయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఐవన్ జాగర్ 1920లలో తెగుళ్లను తట్టుకునే ‘ఇంపీరియల్’ రకాలను రూపొందించాడు. 1941లో ‘గ్రేట్ లేక్స్’ రకం రావడంతో గడ్డ గట్టిగా కట్టి దూరప్రయాణానికి నిలిచే లెట్యూస్ రైతు చేతికందింది. మొదట్లో ఆ గడ్డల్ని ఐసు ముక్కల మధ్య పేర్చి రైలెక్కించేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వ్యాక్యూమ్ శీతలీకరణ వచ్చింది. పొలంలో నింపిన పెట్టెల్ని ఉక్కు గదిలో పెట్టి గాలి తోడేస్తే, ఆకులోని కొద్దిపాటి తేమ ఆవిరవుతూ అరగంటలో గడ్డను నీరు గడ్డకట్టే స్థాయికి దరిదాపుల దాకా చల్లబరుస్తుంది. దాంతో ఐసూ, షెడ్లలో ఐసు పేర్చే పనీ పోయి, ప్యాకింగ్ పొలానికే వచ్చింది.

ఈ సేద్యం ఎంత మెలకువతో నడుస్తుందో సెప్టెంబరులో యూమా పొలం చూస్తే తెలుస్తుంది. లేజర్‌తో చదును చేసిన నేలలో ఎత్తుమడులు తీసి, మట్టిపూత పూసిన విత్తనాన్ని రెండు వరుసల్లో వేస్తారు. మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ విత్తనం చాలావరకు మొలకెత్తదు. అందుకే మొదటి రోజుల్లో స్ప్రింక్లర్లు పెట్టి నేలను చల్లబరుస్తారు. మొలక నిలదొక్కుకున్నాకే కాలువ తడులు.

కోతకు మాత్రం నేటికీ మనిషి వంగాల్సిందే. 1942 నుంచి 1964 దాకా బ్రాసెరో పథకం కింద మెక్సికో కూలీలు ఒప్పందం మీద వచ్చి పనిచేశారు. మొక్కలు పలచన చేయడానికి వాళ్ల చేతికిచ్చిన తొలికకు జానెడో మూరెడో పిడే ఉండేది. రోజంతా నడుము ఎత్తనివ్వని ఆ పొట్టి తొలికను కాలిఫోర్నియా 1975లో గానీ నిషేధించలేదు. 1979లో ఇంపీరియల్ లోయ లెట్యూస్ సమ్మెలో రూఫినో కంట్రేరాస్ అనే కూలీ తుపాకీ గుండుకు బలయ్యాడు. కూలీల సంఘాన్ని నడిపిన సీజర్ చావెజ్ 1927లో యూమా దగ్గరే పుట్టాడు. ఆర్థిక మాంద్యంలో భూమి పోగొట్టుకుని అతని కుటుంబం వలసబాట పట్టింది. 1993లో, ఒక లెట్యూస్ కంపెనీ వేసిన దావాలో సాక్ష్యం చెప్పడానికి వచ్చి, యూమా సమీపంలోని శాన్ లూయిస్‌లో కన్నుమూశాడు. ఈనాటికీ తెల్లవారకముందే సరిహద్దు దాటి బస్సులెక్కే కూలీలే ఈ పంటను కోస్తున్నారు.

1980ల చివర కడిగి కోసిన సలాడ్ పొట్లాలు బజారుకొచ్చి గిరాకీని ఎన్నో రెట్లు పెంచాయి. ఒకచోట తప్పు జరిగితే దేశమంతా పాకే ప్రమాదమూ పెరిగింది. 2018లో యూమా ప్రాంతపు రొమెయిన్ లెట్యూస్‌తో ముడిపడిన ఇ. కొలై వ్యాధికి 36 రాష్ట్రాల్లో 210 మంది గురయ్యారు, ఐదుగురు మరణించారు. ఆ క్రిమి అక్కడి సాగునీటి కాలువలోనే దొరికింది. నీటి పరిశుభ్రత ఆ తర్వాతే గట్టి నియమంగా మారింది.

నది బాకీ ఇంకా పాతది. 1961లో యూమా దగ్గరి వెల్టన్-మొహాక్ పొలాల ఉప్పు మురుగు నదిలో కలిసి, దిగువన మెక్సికోలోని మెక్సికాలీ రైతుల పంటల్ని దెబ్బతీసింది. దాన్ని సరిదిద్దే ఒడంబడికకు 1973 దాకా ఆగాల్సి వచ్చింది. నది సముద్రాన్ని చేరడమే అరుదైపోయింది. 2014లో అమెరికా, మెక్సికో కలిసి నీళ్లు వదిలితేనే అది కొద్దికాలం సముద్రాన్ని తాకింది. 2021 ఆగస్టులో దిగువ కొలరాడోకు చరిత్రలో తొలిసారి నీటి కొరత ప్రకటించారు. పాత హక్కుల బలంతో యూమా ఆ కోతను తప్పించుకుంది.

నాలుగు నెలల్లో చేతికొచ్చే ఆకుకూర, ఏడాది పొడవునా నీళ్లు తాగే పశుగ్రాసంతో పోలిస్తే ఆ నీటికి మంచి వినియోగమే. యూమా రైతు పొదుపు నేర్చాడు, ఆ నేర్పు ఎడారి దేశాలన్నిటికీ పాఠం. అయితే పాత హక్కు ఒక్కటే ఎల్లకాలం కాపాడదు. జలాశయాల నిర్వహణకు 2007లో పెట్టుకున్న నిబంధనలు 2026తో ముగుస్తాయి. కొత్త పంపకంలో నదిలో నిజంగా ఉన్న నీటినే లెక్కలోకి తీసుకోవాలి. అందులో నది డెల్టాకూ కోకొపాలకూ వాటా ఉండాలి, కోత కూలీకి న్యాయమైన వేతనం దక్కాలి. ఈ పంటకు ఇంకో నూరేళ్ల ఆయుష్షు ఉండాలంటే ఇవి తప్పనిసరి.