కప్పడం, చెరపడం: లేయర్ మాస్కు పూర్వచరిత్ర, సోంపేట ప్రాంతపు కుటుంబ చిత్రపటాలు

వ్యాససంగ్రహం:
డిజిటల్ ఛాయాచిత్రాల సవరణలో లేయర్ మాస్కు నేడు చిన్న ఊరి ఫొటో స్టూడియోలో కూడా నిత్యోపకరణం. దీనిని కంప్యూటరు యుగపు సృష్టిగా భావించడం పరిపాటి. అయితే చెరపకుండా కప్పి ఉంచడమనే దీని మూలభావన గాజు నెగటివుల కాలం నాటిదని, తెలుగు చలనచిత్ర ఛాయాగ్రహణంలో అది అసాధారణమైన స్థాయికి చేరిందని ఈ వ్యాసం నిరూపించదలచింది. కంప్యూటరు కొత్తగా ఇచ్చినది చేసిన మార్పును వెనుకకు తీసుకోగల వీలు. ఆ వీలును వృత్తి ఆచరణ చివరి దశలో వదులుకుంటున్నందువల్ల స్థానిక చరిత్ర రచనకు కలుగుతున్న నష్టాన్ని ఉద్దానం తీరం నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, సవరణ, మాస్కు, నెగటివు, పాఠభేదం, సోంపేట, ఉద్దానం.

ఉపోద్ఘాతం:
సోంపేట 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోను, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అవతరించినప్పుడు ఆ జిల్లాలోను చేరింది. ఇలా ఏలుబడి చేతులు మారిన ప్రాంతానికి దస్త్రాలు ఒకేచోట దొరకడం కష్టం. దొరికిన దస్త్రాలలో సామాన్య కుటుంబాల ఊసు మరీ అరుదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానంలోను, మత్స్యకార గ్రామాలలోను, ఒకప్పుడు బర్మాకు, తరువాత దేశంలోని దూరప్రాంతాలకు వలస వెళ్లిన కుటుంబాలలోను ముందుతరం రూపానికి మిగిలే సాక్ష్యం చాలా సందర్భాలలో గోడకు వేలాడే ఒక్క ఫొటోయే.

ఆ ఫొటోకు తీరపు గాలి శత్రువు. ఛాయాచిత్రపు కాగితం మీది పూత జెలటిన్; అది తేమను పీల్చి ఉబ్బుతుంది, బూజుకు ఆహారమవుతుంది, పటం అద్దానికి అతుక్కుపోతుంది. విడదీయబోతే ముఖం అద్దంతోనే వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. అటువంటి తుపానులో పైకప్పు పోయిన ఇంటిలో ముందుగా తడిసే వస్తువులలో గోడపటం ఒకటి. దెబ్బతిన్న పటం స్టూడియోకు వెళ్లి, కొత్తదై తిరిగివస్తుంది. ఆ కొత్త పటంలో పాతది ఎంత, సవరించినవాడు చేర్చినది ఎంత అన్నది కుటుంబానికి అవసరం లేని ప్రశ్న కావచ్చు. సామాజిక చరిత్ర పరిశోధకునికి మాత్రం అదే మొదటి ప్రశ్న.

పెన్సిలు, కత్తి, ఎర్రరంగు:
ఛాయాచిత్ర సవరణ ఛాయాచిత్రానికి దాదాపు సమవయస్కం. 1850లలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివు, ఆకాశానికి మరొక నెగటివు తీసి, ఒకదానిని ముద్రించేటప్పుడు రెండవదాని చోటును కప్పి, ఒకే కాగితం మీద రెండింటినీ కలిపాడు. నాటి రసాయనపు పూతకు ఆకాశమూ అలలూ ఒకే వ్యవధిలో సరిగా పడేవి కావు కనుక ఈ ఉపాయం అవసరమైంది. 1857లో ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివులతో ఒక చిత్రాన్ని, మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులతో మరొక చిత్రాన్ని కూర్చారు. ఈ పనులన్నింటిలో సాధనం ఒక్కటే: వెలుతురు పడరాని చోట అడ్డు.

భారతీయ స్టూడియోలలో ఈ అడ్డు చాలాకాలం ఎర్రరంగు రూపంలో ఉంది. ఒపేక్ అని పిలిచే ఈ చిక్కని రంగును సన్నని కుంచెతో నెగటివు మీద మనిషి అంచు వెంబడి పూస్తే వెనుక ఉన్న గోడ, చెట్టు, పక్క మనిషి ముద్రణలో తెల్లగా మాయమవుతాయి. రంగు కింద నెగటివు చెక్కుచెదరదు. తడిపి తుడిస్తే మాయమైన మనిషి తిరిగి వస్తాడు. లేయర్ మాస్కు లక్షణం సరిగ్గా ఇదే. చీకటిగదిలో అట్టముక్కను తీగకు గుచ్చి, పడుతున్న వెలుతురులో కదుపుతూ ఒక భాగాన్ని తేలికపరచడం ఇదే పనికి మరొక రూపం. అయితే అక్కడ మాస్కు చేతి కదలికలోనే ఉండి, ముద్రణతోపాటే అదృశ్యమవుతుంది.

పెన్సిలుతో చేసే టచింగ్ దీనికి భిన్నం. నెగటివు మీద సన్నని పెన్సిలుతో చుక్కలు పెడితే అక్కడ వెలుతురు తగ్గి, ముద్రణలో ఆ చోటు తెల్లబడుతుంది. నల్లబరచాలంటే పూతను కత్తితో గీకాలి. అది ప్రమాదకరమైన పని, గీకినది తిరిగి రాదు. అంటే నెగటివు మీద ముఖాన్ని తెలుపు చేయడం సులువు, నలుపు చేయడం కష్టం. స్టూడియో పటాలలో ముఖాలన్నీ కొంత తెల్లబడి ఉండడానికి సమాజంలోని వర్ణాభిమానం ఒక కారణమైతే, పనిముట్టు స్వభావం రెండవ కారణం. ఈ రెండవ కారణం తగినంతగా చర్చకు రాలేదు. దీనికి మరొక చిక్కు కూడా ఉంది. ఎరుపు రంగును గ్రహించలేని పాత తరహా ఫిల్ము గోధుమవన్నె చర్మాన్ని ఉన్నదానికంటె నల్లగా చూపేది. కనుక పెన్సిలు పట్టినవాడు కొంతమేరకు ఫిల్ము చేసిన అన్యాయాన్ని సరిదిద్దుతున్నాడు, కొంతమేరకు కొత్త అన్యాయం చేస్తున్నాడు. టచింగ్ లేని పటమే సత్యమని తీర్మానించడానికి వీలులేదు.

తెలుగు నేలమీద ఈ తొలినాటి పనిని నెగటివు స్థాయిలో పరిశీలించే అవకాశం హైదరాబాదు స్టూడియోల విషయంలో కొంత మిగిలింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ స్టూడియోకు చెందిన వేలాది గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నెగటివు ఉన్నచోట సవరణను చూడవచ్చు. ముద్రిత పటం ఒక్కటే మిగిలినచోట ఊహించవలసిందే. సోంపేట, టెక్కలి వంటి ఊళ్ల ఇళ్లలో ఉన్నవి సాధారణంగా ముద్రిత పటాలే.

రావణుని పది తలలు:
మాస్కు విద్య తెలుగువారికి ప్రత్యక్షంగా పరిచయమైనది స్టూడియోలో కంటె తెరమీద. 1961లో విడుదలైన ‘సీతారామకల్యాణం’ ఎన్.టి. రామారావు దర్శకత్వంలో తొలి చిత్రం. ఛాయాగ్రాహకుడిగా రవికాంత్ నగాయిచ్‌కు కూడా అదే మొదటిది. దశకంఠుని పది తలలను చూపడానికి ఫిల్ము చట్రాన్ని భాగాలుగా విభజించి, ఒక భాగం తప్ప మిగిలినవన్నీ కప్పి చిత్రించి, ఫిల్మును వెనుకకు తిప్పి, తరువాతి భాగాన్ని తెరచి మళ్లీ చిత్రించారు. అందుకోసం నటుడు గంటల తరబడి ఒకే భంగిమలో కదలకుండా ఉండవలసి వచ్చింది.

ఈ పద్ధతిలోని కష్టం అంచులో ఉంది. రెండు భాగాలు ఒకదానిమీద ఒకటి రవ్వంత పడితే ఆ చోట వెలుతురు రెండుసార్లు తగిలి తెల్లని గీత వస్తుంది. రవ్వంత దూరమైతే నల్లని గీత వస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా, చివరి తల దగ్గర పొరపాటు జరిగితే అంతకు ముందరి తలలన్నీ వృథా. ఫిల్ము కడిగేదాకా ఫలితం తెలియదు. 1964 నాటి ‘రాముడు భీముడు’లో ద్విపాత్రాభినయానికి కూడా నగాయిచ్ ఇదే మాస్కును చట్రం మధ్యగా నిలిపాడు. ఆనాటి ప్రేక్షకులు దీనిని కెమెరా మాయగా మెచ్చుకున్నారు. చరిత్ర దృష్టితో చూస్తే ఇది లెక్క తప్పని క్రమశిక్షణ: కప్పిన చోటు తరువాతి పొరకు కేటాయించిన చోటు. పొరల భావన అప్పటికే సంపూర్ణంగా ఉంది. లేనిది ఒక్కటే, చేసిన పని మీద రెండవ ఆలోచనకు తావు.

సంఖ్యగా మారిన ముసుగు:
1970లలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ కంప్యూటరు చిత్రంలోని ప్రతి బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతోపాటు నాలుగవ విలువను జతచేశారు. ఆ బిందువు ఎంత కనిపించాలో చెప్పే ఈ విలువకు ఆల్ఫా అని పేరు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఈ విలువతో చిత్రాలను ఒకదానిపై ఒకటి కూర్చే గణితసూత్రాలను ప్రచురించారు. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్‌ను అడోబీ సంస్థ 1990లో విడుదల చేసింది. పొరలు మాత్రం 1994లో మూడవ వెర్షనుతో వచ్చాయి. ఒక చిత్రాన్ని మార్చకుండా దాని వెలుగునీడలను మాత్రమే మార్చే సవరణ పొరలు 1996లో చేరాయి.

సూత్రం సులభమైనది. మాస్కులో నలుపు సున్న, తెలుపు 255. నలుపు ఉన్నచోట పై పొర దాగుతుంది, తెలుపు ఉన్నచోట కనిపిస్తుంది, బూడిదవన్నెలు ఉన్నచోట రెండు పొరలూ పాలుపంచుకుంటాయి. పై పొర విలువ 200, కింది పొర విలువ 100, మాస్కు విలువ 64 అయితే కనిపించే విలువ సుమారు 125. ఎర్రరంగు పూసేవాని కుంచెకు ఉన్నది రెండు స్థితులే, కప్పడం లేదా వదలడం. ఇక్కడ 256 మెట్లు ఉన్నాయి. జుట్టు అంచు, పైట నీడ వంటి చోట్ల ఈ మెట్లే పనికివస్తాయి. రబ్బరు సాధనంతో చెరిపిన చర్మం పోయినట్లే. మాస్కులో నల్లబరచిన చర్మం ఫైలులోనే ఉంటుంది, తెల్లని కుంచెతో తిరిగి పైకి వస్తుంది.

ఇంతటి సాధనం చిన్న పట్టణాలకు చేరినది ప్రధానంగా పెళ్లి ఆల్బముల ద్వారా, ఫ్లెక్సీల ద్వారా. కరిజ్మా ఆల్బములకు సిద్ధంగా దొరికే పీఎస్‌డీ నమూనాలలో పూల చట్రాలు, కోటగోడలు, మేఘాలు పొరలుగా ఉంటాయి. వధూవరుల బొమ్మను కటింగ్ చేసి ఆ చట్రంలో దించడమే మిగిలిన పని. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి పాస్‌పోర్టు సైజు ఫొటో చాలు. ఈ విధంగా మాస్కు తొందరపనికి పనిముట్టుగా అలవాటైంది, భద్రపరచే పనికి కాదు. ఈ తేడా కింది ఉదాహరణలో బయటపడుతుంది.

కుడిపైట, ముక్కుపుడక:
ఒక పాత దంపతుల పటంలో స్త్రీ ముఖం ఎడమ సగం బూజుకు పోయిందనుకుందాం. స్టూడియోలలో అనుసరించే సులభమార్గం మిగిలిన సగాన్ని ఒక కొత్త పొరగా తీసి, అద్దంలో ప్రతిబింబంలా తిప్పి, పోయిన చోట పెట్టి, అంచును మాస్కుతో కలపడం. పని శుభ్రంగా వస్తుంది. కాని ముక్కుకు ఒకవైపే ఉన్న పుడక రెండువైపులా వస్తుంది, లేదా ఉన్న పుడక పూర్తిగా పోతుంది. పక్కపాపిడి నడిపాపిడిగా మారుతుంది. నుదుటి పచ్చబొట్టు జంటబొట్టు అవుతుంది. మొత్తం పటాన్నే తిప్పి ముద్రిస్తే కుడిపైట ఎడమపైట అవుతుంది. ఆంధ్రదేశంలో కుడిపైట, ఎడమపైట కొన్ని సామాజిక వర్గాల ఆచారభేదాలకు గుర్తులు. ముక్కు ఆభరణం ఏ పక్క ఉన్నదన్నది, బులాకీ ఉన్నదా లేదా అన్నది కూడా అంతే ముఖ్యమైన సమాచారం. వస్త్రాభరణాల చరిత్ర రాసేవారు ఇటువంటి పటాన్ని ఆధారంగా గ్రహిస్తే లేని ఆచారాన్ని ఉన్నట్టు నమోదు చేస్తారు.

అదే పని పొరలతో ఉన్న ఫైలులో మిగిలితే ప్రమాదం లేదు. అడుగున స్కాన్ చేసిన మూలచిత్రం తాకకుండా ఉంటుంది. దానిపై మచ్చలు పూడ్చిన పొర, ఆపైన వెలుగు సవరించిన పొర, ఆపైన తిప్పి పెట్టిన అరముఖం. ఒక్కొక్క పొర పక్కన ఉన్న కంటిగుర్తును నొక్కితే ఆ పొర మాయమై, కింద ఉన్న నష్టం ఎంతో తెలుస్తుంది. మాస్కును విడిగా చూస్తే సవరించినవాడు ఎక్కడ ఎంత నమ్మకంతో కుంచె నడిపాడో కూడా తెలుస్తుంది.

సాహిత్య పరిశోధకులకు ఇది కొత్త విషయం కాదు. సి.పి. బ్రౌన్ పండితులచేత తాళపత్ర ప్రతులను సరిపోల్పించి, పాఠభేదాలను గుర్తింపజేసి శుద్ధప్రతులు రాయించాడు. పండితుని సవరణ నచ్చకపోతే పాఠకుడు పాఠభేదాన్ని ఆశ్రయించవచ్చు. పొరలున్న ఫైలు పాఠభేదాలతో కూడిన ప్రతి వంటిది. పొరలను అణచివేసిన ఫైలు పీఠిక, అధోజ్ఞాపికలు తీసివేసి, సంపాదకుని పేరు లేకుండా అచ్చువేసిన కావ్యం వంటిది.

ఫ్లాటెన్:
ఆచరణలో జరుగుతున్నది రెండవదే. పని ముగిశాక ఫ్లాటెన్ ఆదేశంతో పొరలన్నీ ఒకటవుతాయి. జేపెగ్ రూపంలో దాచితే పొరలకు, మాస్కులకు అసలే చోటు లేదు. ముద్రణశాలకు, వాట్సాప్‌కు వెళ్లేది ఆ జేపెగ్. దీనికి స్టూడియోవారిని తప్పుపట్టడం సులువు గాని, వారి లెక్క వారికి ఉంది. 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గల పటాన్ని అంగుళానికి 300 బిందువుల చొప్పున తీసుకుంటే 1 కోటి 8 లక్షల బిందువులు; కుదించకుండా దాస్తే ఒక్క నిండు పొరకు 32 మెగాబైట్లకు పైమాట, ఐదు పొరలకు 160 దాటుతుంది, మాస్కులు దీనికి అదనం. రోజుకు పది పనులు చేసే దుకాణానికి ఏడాది తిరిగేసరికి ఇది భారం. గ్రాహకుడు పటానికి డబ్బు ఇస్తాడు, ఫైలుకు ఇవ్వడు.

ఫలితంగా ఒక విచిత్రస్థితి ఏర్పడింది. ఎర్రరంగు పూసిన గాజు నెగటివు నూరేళ్ల తరువాత కూడా తన మాస్కును చూపగలదు. వెనుకకు మరలగల వీలును ప్రధానగుణంగా కలిగిన సాధనంతో నిన్న చేసిన పటం ఏమీ చూపలేదు. వ్యక్తుల ఇళ్లలోని పటాలకే ఈ సమస్య పరిమితం కాదు. థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకిస్తూ సోంపేటలో సాగిన ఉద్యమం, 2010 జూలై 14 నాటి పోలీసు కాల్పులు ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్రలో ప్రధాన ఘట్టాలు. అటువంటి ఘట్టాల చిత్రాలు సభలకు, ఫ్లెక్సీలకు, సంచికలకు మళ్లీ మళ్లీ కటింగ్ అవుతూ పోయినకొద్దీ తొలి ఫైలుకూ తరువాతి రూపానికీ మధ్య దూరం పెరుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ఫైలు హాష్ విలువను తెలిపే ధ్రువపత్రాన్ని కోరుతుంది. న్యాయస్థానం అడుగుతున్న ఈ వివరాన్ని చరిత్ర వ్యాసాలలో ముద్రించే ఛాయాచిత్రాల విషయంలో అడిగే ఆనవాయితీ ఇంకా స్థిరపడలేదు. చిత్రం కింద ‘ఫలానా కుటుంబ సౌజన్యం’ అన్న వాక్యంతో సరిపెట్టుకోవడమే ఎక్కువ.

సవరణకు వచ్చే పటాలలో ఇంకొక పొర ఉంది, అది కంప్యూటరు వరకు వెళ్లదు. చట్రం విప్పితే వెనుక అట్టమీద కొన్నిటికి స్టూడియో ముద్ర, ఊరిపేరు, సిరాతో వేసిన తేదీ ఉంటాయి; తీరంలో తీసిన పటమో, వలస వెళ్లిన చోట తీసిన పటమో తేల్చేది తరచుగా ఆ ముద్రే. స్కానర్ మీద పటాన్ని బోర్లించినప్పుడు ఆ వైపు మూతకు ఎదురుగా ఉంటుంది. సవరించిన చిత్రానికి కొత్త చట్రం, కొత్త అట్ట వేస్తారు. పాత అట్ట చెదలు పట్టినదని పారవేస్తారు.