పుట్టుకతో దొంగలని రాసిందెవరు?

ఏటా ఆగస్టు 31న మనం విముక్త దినం జరుపుకుంటున్నాం. దండలు, ఉపన్యాసాలు, భోజనాలు అయ్యాక ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోతాం. దేని నుంచి విముక్తి అని మా హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లల్ని అడిగితే "బ్రిటిష్ వాళ్ళ నుంచి మేడం" అన్నారు. అది సగమే నిజం. మిగతా సగం మన పాఠ్యపుస్తకాల్లో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. మొదట అది ఉత్తరాదికే. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. అప్పుడు మన అనంతపురం అందులోనిదే. ఒక జాతి పేరు గెజిట్లో వేస్తే చాలు, ఆ జాతిలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరుకు ఎక్కించవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, రోజూ హాజరు చెప్పమనవచ్చు. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఈ ప్రకటన తప్పని కోర్టుకు పోయే దారి కూడా లేదు. అట్లా పేరు పడినవాళ్ళలో ఎరుకల, కొరచ, సుగాలి వాళ్ళున్నారు.

ఇంత పెద్ద మాటకు ఆధారం ఏమిటి? ఆ కాలపు 'శాస్త్రం'. మనుషుల ముక్కులు, తలలు కొలిచి ఏ జాతి గుణం ఏమిటో చెప్పవచ్చని అప్పటి పండితులు నమ్మారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత సాధనాలు పట్టుకుని దక్షిణాదంతా తిరిగి, 1909లో కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. నేరస్థుల్ని గుర్తుపట్టడానికి ఒంటి కొలతలు ఎట్లా తీయాలో పోలీసులకు నేర్పినవాడూ ఆయనే. ఆ సంపుటాల్లో మన పాత ఆచారాలు, పెళ్ళితంతులు చాలా ఉన్నాయి. దొరికితే తప్పక చదవండి. రాసినవాడు ఎవరి కొలువులో ఉన్నాడో మాత్రం మరవకండి.

అదే కాలంలో అమెరికాలో నల్లవాళ్ళ గురించీ ఇదే మాట. నేరం వాళ్ళ రక్తంలోనే ఉందని తెల్ల పండితులు రాస్తుండేవాళ్ళు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి యువకుడు ఫిలడెల్ఫియా నగరంలో ఒక వార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరికి పని దొరుకుతోంది, ఎవరిని పనిలోకి రానివ్వడం లేదు, అద్దె ఎంత కడుతున్నారు, అన్నీ అడిగి రాసుకుని 1899లో పుస్తకం వేశాడు. బానిసత్వం మిగిల్చిన బతుకూ, మూసేసిన పని తలుపులూ చూడకుండా నేరం గురించి మాట్లాడటం కుదరదని తేల్చాడు. 1946లో అంబేడ్కర్ ఈయనకే ఉత్తరం రాశారు. నల్లవాళ్ళ స్థితికీ, ఇక్కడి అంటరానివారి స్థితికీ పోలిక ఉందని అందులో చెప్పారు. డుబోయిస్ జవాబు కూడా ఇచ్చాడు.

మన విషయంలో అట్లాంటి ప్రశ్న వేసిన పుస్తకం చరిత్రకారిణి మీనా రాధాకృష్ణది, 2001లో వచ్చింది. ఈ మనుషులు అంతకుముందు ఏం చేసేవాళ్ళు అని ఆమె వెతికింది. జవాబు మన అవ్వల నోట్లో ఎప్పటినుంచో ఉంది. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని పిలుస్తారు కదా, అవన్నీ పనిని బట్టి వచ్చిన పేర్లే. దబ్బవాళ్ళు వెదురు బుట్టలల్లేవాళ్ళు, కుంచెవాళ్ళు సాలెల మగ్గాలకు కుంచెలు కట్టేవాళ్ళు. ఉప్పువాళ్ళు కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. సుగాలీల పెరికెద్దులు ధాన్యం మోసేవి. టిప్పుతో యుద్ధం చేసినప్పుడు ఇంగ్లీషు సైన్యానికి గింజలు అందించింది ఈ బంజారాలే. అంటే ఒకప్పుడు మనం వచ్చామంటే ఊరికి ఉప్పు వచ్చినట్టు, గింజ వచ్చినట్టు.

ఆ బతుకు ఎట్లా పోయింది? ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయి పన్ను పెరిగింది. రైలు వచ్చింది. మన గుంతకల్లు జంక్షన్ చూస్తున్నారు కదా, అట్లాంటి పట్టాల మీద బస్తాలు దొర్లితే గాడిద బేరం ఎవరికి కావాలి? అడవి చట్టాలతో మేత పోయింది, వెదురుకు అడ్డు పడింది. 1876-78 కరువు బళ్ళారి, అనంతపురం సీమను ఊడ్చిపెట్టింది. సరుకు పోయినా నడక ఆగలేదు. చేతిలో సరుకు లేకుండా తిరిగేవాడు దొరల కంటికి దొంగగా కనబడ్డాడు.

ఆ తర్వాత సెటిల్మెంట్లు. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దొంగల్ని బాగుచేస్తున్నామనేది పైకి చెప్పిన మాట. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారన్నది మీనా రాధాకృష్ణ పాత రికార్డుల్లోంచి తీసి చూపించింది. సినిమావాళ్ళకు మాత్రం ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ దొంగలే గుర్తుకొస్తారు. మా హాస్టల్లో చదివి బెంగుళూరులో ఉద్యోగం చేసే ఒక పిల్లవాడు, అద్దె ఇంటి కోసం వెతికేటప్పుడు కులం మార్చి చెప్పానని నాతో అన్నాడు. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లోనే పోయింది. మన రాయలసీమ నాయకుడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో వేసిన కమిటీ దేశమంతటా దీన్ని ఎత్తేయాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న అది జరిగింది. కానీ 1948లోనే మద్రాసులో 'అలవాటు పడ్డ నేరస్థుల' చట్టం వచ్చి కూర్చుంది. జాతి పేరు తీసేశారు, చూపు తీసేయలేదు. 1998లో పశ్చిమ బెంగాల్లో బుధన్ శబర్ పోలీసు కస్టడీలో చనిపోతే రచయిత్రి మహాశ్వేతాదేవి, ఆచార్య గణేశ్ దేవి కలిసి విముక్త జాతుల హక్కుల కోసం సంఘం పెట్టారు, కోర్టుకెక్కారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో, విముక్త జాతుల్ని పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. 1871 చట్టం చరిత్రంతా ఆ తీర్పులో ఉంది.

రికార్డు ఎంత పని చేస్తుందో మన సరిహద్దులోనే చూడవచ్చు. అనంతపురంలో సుగాలి ఎస్టీ. బళ్ళారి పోతే అదే మేనమామ కొడుకు లంబాణీ, ఎస్సీ. కొరచ, కొరమ వాళ్ళూ అక్కడ ఎస్సీలే. మహారాష్ట్రలో బంజారా విముక్త జాతి. మనిషి ఒకడే, రాసిన కాగితం వేరు.

డిగ్రీ, పీజీ చదివేవాళ్ళు ప్రాజెక్టు దేని మీద చేయాలని నన్ను అడుగుతుంటారు. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ, తాత ఉంటే ముందు ఫోన్లో రికార్డు చేయండి. ఉప్పు ఏ దారిన వచ్చేది, ఏ బావి దగ్గర దిగేవాళ్ళు, ఎన్ని మానికల జొన్నలకు ఎంత ఉప్పు ఇచ్చేవాళ్ళు, హాజరు ఎక్కడ చెప్పేవాళ్ళు, పాసు ఎవరిచ్చేవాళ్ళు. వాళ్ళ మాటల్లోనే, కుర్రులో చెబితే కుర్రులో, గోర్‌బోలీలో చెబితే గోర్‌బోలీలో రాసుకోండి. తేదీ, ఊరి పేరు కింద వేయండి.