తల్లీ కొడుకుల జట్టు

2020 సెప్టెంబరు మొదటివారంలో మా ఇంట్లో చావు కబురు వచ్చినంత పనయింది. మావాడు అన్నం ముందు కూచుని, కంచంలో చెయ్యి పెట్టకుండా గోడకేసి చూస్తున్నాడు. ఏమయిందిరా అంటే, "పబ్జీని నిషేధించేశారమ్మా" అన్నాడు. పైకి "అయ్యో పాపం" అన్నాను గానీ, లోపల్లోపల వినాయకుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆర్నెల్లుగా వాడి చేతిలోంచి ఆ ఫోను ఊడలాక్కోలేక నేను పడ్డ యాతన ఆ భగవంతుడికే తెలియాలి.

కాసేపయ్యాక వాడే, "పాపం, ఫ్నాటిక్ వాళ్ల సంగతేమిటో" అన్నాడు.

"ఎవర్రా వాళ్లు? మీ క్లాసు పిల్లలా?"

నాకేసి జాలిగా చూశాడు. లండనులోని ఓ సంస్థట. ముందటేడు అక్టోబరులో మన దేశపు కుర్రాళ్ల పబ్జీ జట్టుని తనలో చేర్చుకుందట. ఆడినందుకు జీతాలిస్తుందట! ఆటకి జీతమేమిటమ్మా అని ముక్కున వేలేసుకున్నాను.

బి.ఏ.లో నేను చదివింది చరిత్ర. ఏ రాజ్యమైనా మూలపురుషుడెవరో తేలేదాకా నిద్రపట్టని జబ్బు అప్పుడంటుకున్నదే. ఈ ఫ్నాటిక్ రాజ్యానికి మూలం వెతుక్కుంటూ వెళితే, మొదటి పేజీలోనే ఓ తల్లి కనబడింది.

2004లో సామ్ మాథ్యూస్ అనే ఇంగ్లీషు కుర్రాడు తన కారు అమ్మేసి, ఆ డబ్బుతో తోటి ఆటగాళ్లను లాస్ వేగాస్‌లో జరిగే కంప్యూటర్ ఆటల పోటీకి తీసుకెళ్లాడు. ఆ ఏడే జట్టు పెట్టాడు. స్థాపకుల పేర్లు రెండున్నాయి: సామ్ మాథ్యూస్, యాన్ మాథ్యూస్. ఈ యాన్ ఎవరనుకున్నారు? సాక్షాత్తూ వాడి కన్నతల్లి!

అక్కడ నేను కాసేపు ఆగిపోయాను సుమండీ. అప్పటికి యూట్యూబ్ కూడా పుట్టలేదు. ఆటలాడి బతకొచ్చని చెబితే నవ్వే రోజులు. మావాడే కారమ్మి అమెరికా పోయి ఆటలాడతానంటే నేనేం చేసేదాన్ని? వాళ్ల మేనమామని పిలిపించి పంచాయితీ పెట్టించేదాన్ని. ఆవిడ మాత్రం కొడుకు పేరు పక్కన తన పేరు పెట్టింది.

తర్వాతి కథ త్వరగానే నడిచింది. 2006లో స్వీడన్ కుర్రాళ్లని కౌంటర్-స్ట్రైక్ ఆటకి తీసుకున్నారు. ఇది మన చిన్ననాటి దొంగా పోలీసే, కాకపోతే తుపాకులూ బాంబులూ అదనం. 2009 నాటికి వాళ్ల పేరు చెబితే తక్కిన జట్లు జంకేవి. ఆట కొత్తరూపం ఎత్తాక 2013లో స్వీడన్‌లోనే జరిగిన మొట్టమొదటి పెద్ద పోటీ గెలిచి లక్ష డాలర్లు తెచ్చుకున్నారు. 2015లో అలాంటివే మరో రెండు.

ఈలోగా 2011లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే మరో ఆటలోకి దిగారు. దిగిన కొద్ది నెలలకే దాని తొలి ప్రపంచ పోటీ. ఫ్నాటిక్ వాళ్లు ఓ ఫ్రెంచి జట్టుని ఓడించి యాభైవేల డాలర్లు గెలిచారు. ఏడేళ్ల తర్వాత, 2018లో అదే పోటీ ఫైనలు కొరియాలో ఓ పెద్ద స్టేడియంలో జరిగింది. అందులో చైనా జట్టు చేతిలో మూడుకి మూడూ ఓడిపోయారు. మావాడు ఆ రోజు కూడా అన్నం తినలేదట. నేనే గమనించలేదు.

ఈ ఆటలో ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఎదుటివాళ్ల కోటలోని గుండెకాయని ముందెవరు పగలగొడితే వాళ్లు గెలిచినట్టు. 2013 జనవరిలో పోలెండులో ఫ్నాటిక్ పని అయిపోయిందనుకుంటున్న క్షణంలో, ఎక్స్‌పెకే అనే పేరుతో ఆడే స్పెయిన్ కుర్రాడు ఒక్కడూ శత్రువు కోటలోకి దూరాడు. వాళ్లు వెనక్కి పరిగెత్తుకొచ్చి మీదపడుతుంటే అటూ ఇటూ తప్పించుకుంటూ ఆ గుండెకాయని కాస్తా కొట్టేశాడు. ఇప్పటికీ పిల్లలు అలా దొడ్డిదారిన గెలవడాన్ని వాడి పేరుతోనే పిలుస్తారు. మావాడు ఆ వీడియో చూపించినప్పుడు పోపు మాడిపోయిందని ఒప్పుకుంటున్నాను.

అన్నీ మెచ్చుకోళ్లే కావు లెండి. 2014 చివర్లో ఓ పోటీలో ఫ్నాటిక్ వాళ్లు ఆట తయారీలోని లోపాన్ని వాడుకుని, ఎవరికీ కనబడని చోటు నుంచి కాల్చి గెలిచారు. లోకమంతా దుమ్మెత్తిపోసింది. చివరికి ఆ గెలుపు వదులుకుని పోటీ నుంచే తప్పుకున్నారు. ఆ కుర్రాళ్ల తల్లులు ఆ రాత్రి ఎలా గడిపారో అని నా బెంగ.

ఇన్ని ఆటలెందుకు, ఒక్కదాన్నే పట్టుకుని ఉండొచ్చు కదా అని మావాణ్ణి అడిగాను. ఆలోచిస్తే తెలివంతా అక్కడే ఉంది. క్రికెట్ ఎవరి సొత్తూ కాదు. ఈ ఆటలకి మాత్రం యజమాని కంపెనీలుంటాయి. రేపు కంపెనీ మూసేసినా, జనానికి మొహం మొత్తినా ఆట పోతుంది, దాంతో జట్టూ పోతుంది. మా పుట్టింటివాళ్లు ఒక చెక్కలో మిరప, ఒక చెక్కలో కంది వేసేది అందుకే. ఫ్నాటిక్ వాళ్లు మలేషియా కుర్రాళ్లతో డోటా ఆడించారు, ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్బుతో కలిసి ఫుట్‌బాల్ వీడియో ఆట ఆడించారు, వాలొరెంట్ అనే కొత్త ఆట రాగానే దాన్లోకీ దిగి 2023లో బ్రెజిల్‌లోనూ జపాన్‌లోనూ పెద్ద పోటీలు గెలిచారు. బహుమతి సొమ్ములో ఎక్కువ భాగం ఆటగాళ్లదే. సంస్థ బతకాలంటే చొక్కాలమీద ప్రకటనలుండాలి, సరుకు అమ్మాలి. 2015లో మౌసులూ కీబోర్డులూ చేసే కంపెనీని కొన్నది అందుకే కాబోలు.

ఆటగాళ్ల సంగతే నాకు గుబులు. పాతికేళ్లు దాటితే ఈ లోకంలో ముసలివాళ్ల కింద లెక్కట. సంస్థకి ఒక చెక్క ఎండితే మరో చెక్క ఉంది. ఒక్క ఆటే నేర్చిన కుర్రాడికి ఏముంది? నేను కొబ్బరికాయ మొక్కుకున్న ఆ సెప్టెంబరులోనే మన కుర్రాళ్లకి ఆడటానికి ఆటే లేకుండా పోయింది. ఆ తర్వాత ఫ్నాటిక్ ఆ జట్టుని వదులుకుంది. లండన్‌లో వాళ్ల దుకాణం మాత్రం చక్కగా నడిచింది. ఆ కొబ్బరికాయ కొట్టానుగానీ, ముక్క నోట్లో పెట్టుకోవడానికి ఎందుకో మనసొప్పలేదు.

మావాడిప్పుడు ఇంజనీరింగులో ఉన్నాడు. మొన్న ఆదివారం హాస్టలు నుంచి ఫోన్ చేసి, మాటల్లో అడిగాడు: "అమ్మా, నేను జట్టు పెడితే నా పేరు పక్కన నీ పేరు పెడతావా?"

"ముందు ఆ తప్పిన లెక్కల పేపరు సంగతి చూడు. తర్వాత ఆలోచిద్దాం."

"అమ్మడానికి మనకి కారు కూడా లేదులే" అని నవ్వాడు.

"మీ నాన్న స్కూటరు ఉందిగా" అన్నాను. వంటింట్లోంచి ఆయన గబగబా ఇవతలికొచ్చారు.