లినక్స్‌లో ల్యాప్‌టాప్ వై-ఫై

లినక్స్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లలో వైర్‌లెస్ కార్డుల డ్రైవర్ల చరిత్రలో కీలక ఘట్టాలు చాలావరకు 2003, 2010ల మధ్య జరిగాయి. తెర, కీబోర్డు, హార్డ్ డిస్కు ఇన్‌స్టాల్ చేయగానే పనిచేసే యంత్రాల్లో కూడా ఆ రోజుల్లో వై-ఫై మొరాయించేది. ప్రోగ్రామర్లకు చేతగాక కాదు. చిప్‌ను ఎలా నడపాలో చెప్పే పత్రాలను చాలా తయారీ సంస్థలు బయట పెట్టలేదు.

అందుకు ఆ సంస్థలు ముఖ్యంగా చెప్పిన కారణం రేడియో నిబంధనలు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో అమెరికాలో 11 చానెళ్లే వాడుకలో ఉంటే, చాలా దేశాల్లో 13 ఉన్నాయి. జపాన్ పాత ప్రమాణానికి 14వ చానెల్‌నూ ఇచ్చింది. ఏ చానెల్లో, ఎంత శక్తితో ప్రసారం చేయాలో చిప్‌కు చెప్పేది సాఫ్ట్‌వేరే. డ్రైవరు సోర్సు అందరి చేతికీ వెళ్తే ఎవరైనా హద్దు మీరవచ్చని, అప్పుడు నియంత్రణ సంస్థలకు తాము జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని వాళ్ల భయం. అది ఉత్త సాకు కాదు. అయితే నిబంధనలు తొలగకుండానే తర్వాత అవే సంస్థలు సోర్సు విడుదల చేశాయి కాబట్టి, దాటలేని అడ్డంకి కూడా కాదని తేలింది.

2003 మార్చిలో ఇంటెల్ తెచ్చిన సెంట్రినోతో ల్యాప్‌టాప్‌లో వై-ఫై మామూలు సదుపాయం కావడం మొదలైంది. లినక్స్ డ్రైవరు మాత్రం దానితో రాలేదు. ఆ ఏడాదే ఎన్‌డీఐఎస్‌రాపర్ పుట్టింది. పాంటస్ ఫుక్స్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును గిరిధర్ పెమ్మసాని చాలా ముందుకు తీసుకెళ్లారు. విండోస్ డ్రైవరు పిలిచే ఫంక్షన్లను లినక్స్ కెర్నెల్ లోపలే సమకూర్చి, కార్డుతో వచ్చిన విండోస్ డ్రైవరునే ఇక్కడ నడిపించడం దాని పద్ధతి. చెప్పడానికి సులువే కానీ, చేయడం కష్టం. 32 బిట్ విండోస్‌లో కెర్నెల్ స్టాక్ 12 కిలోబైట్లు ఉంటే లినక్స్‌లో 8, కొన్ని పంపిణీల్లో 4 మాత్రమే. దాంతో కొన్ని డ్రైవర్లు యంత్రాన్నే స్తంభింపజేసేవి. 64 బిట్ లినక్స్‌కు 64 బిట్ విండోస్ డ్రైవరే కావాలి. అది అన్ని కార్డులకూ దొరికేది కాదు. సోర్సు లేని కోడు లోపల నడుస్తుంది కాబట్టి ఎన్‌డీఐఎస్‌రాపర్ ఉన్న కెర్నెల్‌ను ‘కళంకిత’మైనదిగా గుర్తు వేసేవారు. దీనివల్ల అసలు డ్రైవర్లు రాయాలన్న ఒత్తిడి తగ్గుతుందని కొందరు వ్యతిరేకించారు. వేరే దారి లేని ఎందరో వాడుకరులకు మాత్రం అదే ఆధారమైంది.

అన్నిటికన్నా గొప్ప శ్రమ బ్రాడ్‌కామ్ చిప్‌ల విషయంలో జరిగింది. కొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ఆ సంస్థ బైనరీ డ్రైవరును విప్పి చదివి, చిప్ ఎలా నడుస్తుందో వివరిస్తూ పత్రం రాశారు. మరికొందరు ఆ బైనరీని ముట్టకుండా, పత్రం మీదే ఆధారపడి కొత్త డ్రైవరు రాశారు. కాపీ చేశారన్న ఆరోపణకు తావులేకుండా ఈ రెండు పనులనూ విడివిడిగా ఉంచారు. అలా తయారైన బీసీఎం43ఎక్స్‌ఎక్స్ 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. దాని వారసుడు బీ43 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో చేరింది. తయారీదారు నుంచి ఒక్క పేజీ సాయం లేకుండా రేడియో చిప్‌ను పలికించిన ఈ పనికి లినక్స్ చరిత్రలో దక్కాల్సినంత పేరు దక్కలేదు.

అప్పటికీ చిక్కు పూర్తిగా వీడలేదు. చిప్‌లో నడిచే ఫర్మ్‌వేర్‌ను డ్రైవరే ఎక్కించాలి. దాన్ని పంచిపెట్టడానికి బ్రాడ్‌కామ్ అనుమతి ఇవ్వలేదు. అందుకే వాడుకరి ఆ సంస్థ డ్రైవరు ఫైలును దింపుకుని, బీ43-ఎఫ్‌డబ్ల్యూకట్టర్‌తో అందులోని ఫర్మ్‌వేర్‌ను కత్తిరించి తీసుకోవాలి. వై-ఫై కోసం ముందు కేబులుతో ఇంటర్నెట్ సంపాదించుకోవాల్సిన పరిస్థితి అది. కొన్ని పాత చిప్‌లకు ఇటలీలోని బ్రెషా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ కూడా రాసి ఇచ్చారు.

ఇంటెల్ దారి వేరు. ఐపీడబ్ల్యూ2100, ఐపీడబ్ల్యూ2200 డ్రైవర్లను సోర్సుతో సహా విడుదల చేసింది. 2005లో అవి కెర్నెల్‌లో చేరాయి. తర్వాతి 3945 కార్డుకు మాత్రం రేడియో హద్దులను చూసుకునే సోర్సు లేని ప్రోగ్రాము ఒకటి వెనకాల నడుస్తూ ఉండాల్సి వచ్చేది. విమర్శలు వచ్చాక కొత్త డ్రైవరులో దాని అవసరం లేకుండా చేశారు.

ఏథెరోస్ కార్డులకు మ్యాడ్‌వైఫై ఉండేది. పైభాగానికి సోర్సు ఉన్నా, హార్డ్‌వేర్‌తో మాట్లాడే ‘హాల్’ పొర బైనరీయే. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రేక్ ఫ్లోటర్ రివర్స్ ఇంజినీరింగ్‌తో రాసిన కోడు ఆధారంగా ఏటీహెచ్5కే తయారైంది. లైసెన్సు మీద 2007లో లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ వర్గాల మధ్య గట్టి వివాదమే నడిచినా, మరుసటి ఏడాది అది కెర్నెల్‌లో చేరింది. 2008 జులైలో ఏథెరోస్ తానే ఏటీహెచ్9కే సోర్సును విడుదల చేసింది. అప్పటిదాకా గిరి గీసుకుని కూర్చున్న సంస్థ ఇలా తలుపు తెరవడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా కొన్ని కొత్త చిప్‌లకు సోర్సు ఇచ్చింది.

ఇంత పని కలిసిరావడానికి మరో కారణం 2007 జులైలో 2.6.22 కెర్నెల్‌లో చేరిన మ్యాక్80211. దీనికి మూలం డివైస్‌స్కేప్ సంస్థ ఇచ్చిన కోడు. అంతకుముందు వై-ఫై నియమాల్లో చాలావాటిని డ్రైవర్లు విడివిడిగా రాసుకునేవి; ఇప్పుడు ఆ ఉమ్మడి పని ఒకేచోట జరుగుతుంది, డ్రైవరు తన చిప్ సంగతి చూసుకుంటే చాలు.

నేటి కార్డుల్లో చాలావాటికి డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ మాత్రం సోర్సు లేని ఫైలుగానే మిగిలింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో పట్టుదల గల లినక్స్ పంపిణీ డెబియన్ సముదాయం 2022లో ఓటింగు పెట్టి, అలాంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చడానికి ఒప్పుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 అలాగే విడుదలైంది. ఏ ఫర్మ్‌వేర్ ఫైలూ ఎక్కించనక్కర్లేని పాత ఏటీహెచ్9కే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులను, వేగం తక్కువైనా, సోర్సు లేని కోడు వద్దనుకునేవాళ్లు ఇప్పటికీ వెతికి మరీ ల్యాప్‌టాప్‌లో బిగించుకుంటారు.